నీటి కింద వీధి

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను సాలూరు బస్టాండు దగ్గర నిలబడి బజ్జీలు తింటున్నాను. ఫోను చేసినవాడు ఒకప్పుడు మా రిజర్వాయరులో వలలేసిన మనిషి. "పోనాడు బాబూ, ఆ ముసిలోడు. మొన్న లచ్చివారం. జొరవొచ్చింది, మూడ్రోజులే. నీకు సెప్పమని ఆడి ఇంటిది అంటే సేసినాను" అన్నాడు. సరే అన్నాను. చేతిలో మిగిలిన రెండు బజ్జీలూ తినేశాను కూడా. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ గడప మీద కూలబడ్డాక గాని ఏడుపు రాలేదు. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ఏమైందంటే ఏం చెప్పను? ఆయన నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆయనకి నేను చేసినంత అపకారం ఇంకెవరూ చేయలేదు. మా ఇద్దరికీ ఉన్న బంధుత్వం అదే.

తొంభైల్లో నేను చేపల ఆఫీసులో చిన్న ఉద్యోగిని. జి.మాడుగుల దాటి లోపలికి పోతే కొండల మధ్య వాగుకి అడ్డంగా కట్టిన ఒక రిజర్వాయరు ఉంది, దాని మీద వేశారు నన్ను. చేపపిల్లల్ని తెచ్చి వదలడం, అవి ఎంత పెరిగాయో కొలవడం, వలలవాళ్ల తగువులు తీర్చడం నా పని. ఆ నీటి అడుగున ఒక ఊరుంది. ముప్పై గడపల కొండ ఊరు. ఆనకట్ట లేచాక ఆ జనాన్ని పై వాలులో రేకుల ఇళ్లలోకి మార్చారు. ఆయనది ఆ ఊరే.

బక్క మనిషి. ఛాతీ మాత్రం మరెవరిదో తెచ్చి తగిలించినట్టు ఉండేది. నేను చూసేనాటికి యాభై ఏళ్లుండొచ్చు, ఎన్నని అడిగితే ఆయనకీ తెలియదు. నీటి కింద మునిగిపోయిన చెట్లకి వలలు చిక్కుకుంటే దిగి విడిపించేవాడు. పడవలోంచి ఏం జారిపడినా తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి నా చేతి గడియారం పడిపోయింది. దిగి తెచ్చి, నీళ్లు విదిలించి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఆడ కూడా ఇదే టయిము బాబూ" అన్నాడు.

"ఊపిరి బిగబట్టి ఎంతసేపుంటావు మావా?" అని అడిగాను తొలిరోజుల్లో.

"బీడీ ముట్టించి సగం కాల్చి అట్టే ఉంచు. మిగతా సగం నానొచ్చి కాలుత్తాను."

అన్నట్టే వచ్చి కాల్చాడు. నేను కంగారులో గబగబా పీల్చేసి ఆయనకి పావు వంతే మిగిల్చాను. "ఇంత బేగి కాల్చీసినావేటి, నాను రాననుకున్నావా?" అని నవ్వాడు.

ఆయన దేన్నయినా ఊపిరితోనే కొలిచేవాడు. సారా కొట్టు ఎంత దూరమంటే నాలుగూపిర్లనేవాడు. మా పెద్దసారు ఉపన్యాసం విని, "ఊపిరి తియ్యకుండా సెప్తున్నాడు, నాకాడికొస్తే మునగడం నేర్పుదును" అన్నాడు. నీళ్లలోకి దిగే రోజు మాత్రం పొద్దున్నుంచి నోరు విప్పేవాడు కాదు. మాటలకి ఊపిరి ఖర్చవుతుందని. ఏం కావాలన్నా సైగలే. ఆయన భార్య, పొట్టిగా చురుగ్గా ఉండేది, "ఇయాల మా ఇంట్లో మూగోడున్నాడు బాబూ, నాకు పండగ" అనేది. వలిసె నూనె వెచ్చజేసి ఆయన చెవుల్లో పోసేది ఆవిడే. ఆ తరవాత ఆయన వాలులో తిరిగి, ఒక బరువైన రాయి ఎంచుకుని, దాన్ని చంటిపిల్లాడిలా గుండెకి హత్తుకుని తెప్ప మీంచి అడుగేసేవాడు. రాయి ఆయన్ని కిందికి తీసుకుపోయేది. అడుగున దాన్ని వదిలేసి పైకొచ్చేవాడు.

ఆ నీళ్లలో చేపని ఆయన ఎప్పుడూ తినలేదు. పెద్ద వాలుగ పడితే మాత్రం దగ్గరికొచ్చి పొట్ట నొక్కి చూసి, "ఇది నాయుడింటికాడిది. ఆలింట్లో ఎప్పుడూ తిండికి లోటు నేదు" అనేవాడు. నాయుడంటే వాళ్ల ఊరి పెద్ద. సన్నపాటి చేప పడితే, "ఇది మా పిన్నమ్మింటిది, పాపం" అనేవాడు. నువ్వెందుకు తినవంటే, "మా ఊరోళ్లని నానెలా తింతాను?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని, తినేవాడు కాదు.

ఇక్కడ కొత్త గురించి చెప్పాలి. కొండల్లో పంట చేతికొచ్చినా వెంటనే నోట్లో వేసుకోరు. ముందు ఊరి దేవత రాయికి కొత్త గింజ తాకించాలి. ఆ పండగనే కొత్త అంటారు. అది అయ్యాకే ఇంటింటా కొత్త కొర్ర పొయ్యెక్కుతుంది. ఊరు ఖాళీ చేసే రోజున రాయిని వెంట తీసుకుపోదామని, దాని ముందు గింజలు చల్లి కోడిని వదిలి అడిగారట. కోడి గింజ ముట్టలేదు. అంటే రాయి రానన్నట్టు. దాన్ని అక్కడే ఉంచి వచ్చేశారు, నీళ్లొచ్చి కప్పేశాయి. మరి కొత్త ఎలా? ఈయన లేచి, నేను దిగి పెట్టి వస్తానన్నాడట. అప్పట్నుంచీ ఏటా ఈయనే.

ఒక ఏడాది నేనూ తెప్ప మీద వెళ్లాను. వానలు అప్పుడే ఆగి రిజర్వాయరు నిండుగా ఉంది, ఏడు నిలువుల లోతు. అడ్డాకులో కొర్ర గింజలు పొట్లం కట్టి, పిడికిట్లో పట్టుకున్నాడు. నా వైపు చూసి, అటు తిరిగి కూర్చోమని సైగ చేశాడు. దేవత రాయి చోటు బయటి ఊరివాళ్ల కళ్ల పడకూడదని వాళ్ల కట్టుబాటు. నేను నవ్వుకుంటూ వీపు తిప్పాను. బుడుంగుమన్న చప్పుడైంది. లెక్కపెట్టడం మొదలెట్టాను. నూరు దాటింది. గట్టు మీద ఊరంతా నిలబడి ఉన్నారు. నూట డెబ్బయ్యో ఎంతో అయ్యాక వెనకాల నీళ్లు చెదిరాయి. తిరిగి చూస్తే ఆయన ముక్కులోంచి రక్తం కారుతోంది. ఖాళీ పిడికిలి పైకెత్తి విప్పాడు. గట్టు మీద తుడుము డప్పు మోగింది. ఆ క్షణాన ఆ ముఖం చూసినవాణ్ని నేను. మనిషి తన పని తాను చేసుకొచ్చాక ఎలా ఉంటాడో అప్పుడే చూశాను, ఆ తరవాత అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు.

మరుసటి వేసవిలో మా ఆఫీసుకి కొత్త ఆలోచన పుట్టింది. అడుగున ఒండ్రు తప్ప ఏమీ లేకపోతే చేప నిలవదు. దానికి చాటు కావాలి, నాచు పట్టే గరుకు కావాలి. సముద్రంలో పాత పడవలు ముంచి చేపలకి ఇళ్లు కడతారని విన్నాం. మాకు పాత పడవలు ఎక్కణ్నుంచి వస్తాయి? బావుల్లో దించే చిన్న సిమెంటు వరలు వచ్చాయి. చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"మంచిదే బాబూ. ఊరు కాలీగా పడున్నాది. సేపలన్నా కాపరముంతాయి" అన్నాడు. ఎక్కడ దించాలో ఆయనే చూపించాడు, సరిగ్గా పాత ఊరి మీద.

వేసవి కాబట్టి లోతు నాలుగు నిలువులే. రెండు తెప్పలు కలిపి కట్టి, వరకి మోకు కట్టి దించుతుంటే ఆయన నీటి కింద ఉండి సర్దేవాడు. మోకు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే ఎడమకి జరపమని గుర్తు. ఒక్కో వరకి మమ్మల్ని చంపుకు తిన్నాడు. దించిందే ఎత్తించి, ఎత్తిందే దించి, ఒక వరని నాలుగుసార్లు జరిపించాడు. తెప్ప మీదివాళ్ల అరచేతులు బొబ్బలెక్కాయి.

"చేపలకి వాస్తు చూస్తున్నావేటి మావా?" అని కసిరాను.

ఆయన తెప్ప అంచు పట్టుకుని నీళ్లు కారుతూ నవ్వాడు.

పనయ్యాక నేను పైనుంచి సీసపు గుండు కట్టిన తాడు వదిలి కొలతలు తీసుకున్నాను. మధ్యలో గుండు సూటిగా నేలకి పోతోంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు బారల వెడల్పున ఖాళీ. వరలు చాలినన్ని ఉన్నా ముసలాయన నిర్లక్ష్యంగా మధ్యలో వదిలేశాడనుకున్నాను. ఆయన్ని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగలేదు, ఆఫీసరు కదా. పటం గీసి కింద రాశాను: 'మధ్యలో వృథాగా ఉన్న ఖాళీని రెండో విడతలో వరలతోను, చెట్టు మొదళ్లతోను నింపవలెను.' వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. నెల తిరక్కుండా నన్ను గూడెం కొత్తవీధి వైపు బదిలీ చేశారు. ఆయన దారిఖర్చుకని ఒక పనసపండు మోసుకొచ్చి బస్సెక్కించాడు.

ఆ తరవాత కొన్నేళ్లకి, నేను విశాఖపట్నంలో పనిచేస్తున్నప్పుడు, ఒక కుర్ర డైవరు పరిచయమయ్యాడు. వీపుకి గాలి సిలిండర్లు కట్టుకుని దిగే రకం. ఓడల అడుగులు చూసేవాడు, సరదాపడ్డవాళ్లని సముద్రంలోకి తీసుకెళ్లి చేపల్ని చూపించేవాడు. ఆ మధ్య కొండల్లో ఒక ఆనకట్ట గేటు బిగుసుకుపోతే తనని పిలిపించారని, పని త్వరగా అయిపోతే ఊరికే ఆ రిజర్వాయరంతా ఈదానని చెప్పాడు. ఏ రిజర్వాయరో అర్థమై టీ గ్లాసు కింద పెట్టాను.

"అడుగున ఒక వింత చూశానండి. సిమెంటు వరలు. ఎవరో ఎంత ముచ్చటగా పేర్చారంటే, ఇటు ఒక వరస, అటు ఒక వరస, ఎదురెదురు ఇళ్లలాగ. మధ్యలో వీధి. వీధి చివర ఒక నిలువురాయి, దాని పక్కన గుండ్రటి రాళ్ల గుట్ట. ఆ తరవాత ఎవడో తలకుమాసినవాడు పైనుంచి ఆ వీధి నిండా వరలు, మొద్దులు పోయించేశాడు."

ఆ తలకుమాసినవాడు ఆ గ్లాసు మళ్లీ ఎత్తి తాగలేకపోయాడు.

వారంలో కొండెక్కాను. ఆయన ఇంటి ముందు కూర్చుని అడ్డతీగ నార తీస్తున్నాడు. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ఏదో అడిగితే, మా దగ్గర పంటలు బాగున్నాయని దానికి సంబంధం లేని జవాబు చెప్పాడు.

"సెవులు పోనాయి బాబూ. అరిసి సెప్పాలి" అంది ఆయన భార్య. మిగతాది కూడా ఆవిడే చెప్పింది. రెండో విడత వరలు వచ్చినప్పుడు ఆయన చలిజ్వరంతో మంచం మీద ఉన్నాడు. కొత్తకి దిగితే రాయి చుట్టూ వరలు, మొద్దులు అడ్డం పడి, దాని దాకా చెయ్యి పోయే దారి లేదు. గింజ రాయికి తాకాల్సిందే, దగ్గర్లో వదిలేస్తే చెల్లదు. ఆ ఏడు పొట్లంతోనే పైకొచ్చాడు. తుడుము మోగలేదు. ఊరు రెండు వారాలు చూసి, కొండ మీద ఇంకో రాయి నిలబెట్టి, కోడిని వదిలి అడిగింది. కోడి గింజ ఏరుకుంది. అందరూ తిన్నారు.

"ఆ కోడికి మూడ్రోజులు తిండెట్టలేదు, ముట్టక సత్తాదా?" అని ఈయన మాత్రం ఒప్పుకోలేదట. కొత్త గింజ ముట్టలేదు. రేషను బియ్యం తినేవాడు. ప్రతి వేసవిలో గునపం పట్టుకుని నీళ్లలోకి దిగేవాడు. ఒక ఊపిరికి ఒక వరని జానెడు జరిపేవాడు. పైకొచ్చి, ఊపిరి పోసుకుని, ఇంకో జానెడు. రోజుకి ఎన్నిసార్లో. ఒక వేసవిలో ఒక చెవి పగిలింది, ఇంకో వేసవిలో రెండోది. ఇలా ఏళ్ల తరబడి.

నాకు అక్కడ్నుంచి లేచి పారిపోవాలనిపించింది. పారిపోతే బాగుండేది గాని, చెప్పకుండా బతకలేననిపించింది. ఆయన దగ్గరికి జరిగి మెల్లగా అన్నాను. "మావా, ఆ ఖాళీ నింపమని రాసింది నేనే."

"ఏటీ?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి.

ఇంకాస్త గట్టిగా అన్నాను. తల అడ్డంగా ఊపి నవ్వాడు, వినబడలేదని. గుండెనిండా గాలి తీసుకుని అరిచాను. "ఆ వీధి నింపించింది నేనే మావా! నేనే రాశాను!"

ఎదురింట్లో చోళ్లు దంచుతున్న ఆడవాళ్ల రోకళ్లు ఆగిపోయాయి. రేకుల ఇళ్లలోంచి జనం బయటికొచ్చి చూశారు. మెల్లగా చెప్పి తప్పించుకుందామనుకున్న మాటని ఊరందరికీ చాటాల్సి వచ్చింది.

ఆయన నార పోగు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చున్నాడు. తరవాత, చెవిటివాళ్లు మాట్లాడినట్టు పెద్ద గొంతుతో, "నువ్వా! నీ తరవాతొచ్చిన బాబనుకున్నాను ఇన్నాళ్లూ. ఆడ్ని తిట్టుకున్నాను, పాపం" అన్నాడు. ఆగి, "నీ తప్పు నేదు. నీకు సెప్పనిది నానే. ఊరు కానోడికి ఆ రాయి సోటు సెప్పకూడదు గదా. ఇటో వరస, అటో వరస ఇళ్లెడితే, నడిమిన ఉన్నది వీధని ఎవులికైనా తెలుత్తాదనుకున్నాను" అన్నాడు.

తెలుస్తుంది మావా. కొలతాడు చేత్తో పట్టుకుని పైన కూర్చున్నవాడికి తప్ప ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాట నేను అరవలేదు.

ఇంకా ఎన్ని మిగిలాయని వేళ్లతో అడిగాను. మూడు వేళ్లు చూపించాడు. చూపించి, నా మోకాలి మీద చెయ్యి వేసి, గేటు బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడి గురించి అడిగాడు. "ఈ మూడూ నా ఊపిరికి కదలవు. ఆడి వీపు మీద డబ్బా ఉన్నాది. అందులో ఎన్నూపిర్లు పడతాయి బాబూ?"

"గంటసేపు!" అని అరిచాను.

"గంటే!" తన ఛాతీ వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఇంకేటి, మూడు వరలూ ఒక్క దిగుడుకే దొర్లించీవొచ్చు."

"నేను తీసుకొస్తాను మావా! కొత్తకి ముందే తీసుకొస్తాను!" అదీ అరిచాను, అదీ ఊరంతా విన్నారు.

"వరలు తీసిచ్చీమను సాలు. గింజ మటుకు నాను దిగి ఎట్టొత్తాను. ఒక్కసారికి సెవులు పోతాయన్న బయమేటుంది, పోనే పోనాయి" అని పెద్దగా నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు.

తీసుకెళ్లలేదు. ఎందుకు తీసుకెళ్లలేదంటే చాలా చెప్పగలను. రిజర్వాయరులో దిగడానికి పై ఆఫీసు అనుమతి కావాలి. ఆ ఏడు ఆ డైవరు కుర్రాడు ఏదో ఓడ పని మీద గోవా పోయాడు. మరుసటి ఏడు నాకు నడుం నొప్పి. ఇవన్నీ నిజాలే, వీటన్నిటినీ కలిపితే అబద్ధం. అనుమతి అడగాలంటే అర్జీ రాయాలి. అర్జీలో ఎందుకో రాయాలి. మా వరల వల్ల చేప పెరిగిందని ఆఫీసులో నన్ను మెచ్చుకుని శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకున్నవాడు, నేను ఒక ఊరి గుడిదారి పూడ్పించానని తన చేత్తో రాయలేకపోయాడు. అర్జీ మొదలెట్టి మూడుసార్లు చింపేశాను. తలకుమాసినవాణ్నే కాదు, పిరికివాణ్ని కూడా. అలా అలా రిటైరయ్యాను, ఐదు కొత్తలు వెళ్లిపోయాయి. కొండ నుంచి ఎవరు కలిసినా, ముసలాయన డబ్బా కుర్రాడి గురించి అడుగుతున్నాడని చెప్పేవారు. వస్తాడని చెప్పమనేవాణ్ని.

ఫోను వచ్చిన మూడో రోజున వెళ్లాను. అప్పటికి కొర్ర కోతలైపోయాయి. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది. నన్ను చూసి ఏడవలేదు, పీట వేసింది. మట్టి గోడకి ఒక మేకు, మేకుకి అడ్డాకు పొట్లం, నారతో కట్టింది.

"జొరం రాకముందు కట్టినాడు. ఏ ఏటికాయేడు పాతది తీసీసి కొత్తది కట్టీవోడు. నువ్వొచ్చినప్పుడు ఎతుక్కోనక్కర్లేదని" అంది.

నేను తలెత్తలేదు. ఆ పొట్లం ఇప్పుడు ఎవరు తీసుకెళ్తారు, ఎవరికి అంత ఊపిరుంది? దారి తీయించడానికి ఇప్పుడు డబ్బా కుర్రాణ్ని తెచ్చినా, ఆ దారిన నడిచే మనిషి లేడు.

మధ్యాహ్నమైంది, తిని వెళ్లమంది. వద్దన్నా వినలేదు. నా ముందు ఆకు వేసి, వేడి కొర్రన్నం పెట్టింది, ఆ ఏడు గింజ, పచ్చి వాసన ఇంకా పోలేదు. పక్కన ఎండబెట్టిన చింతచిగురుతో పప్పు. తను గిన్నెలో తెల్లన్నం పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. రేషను బియ్యం.

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాను.

"ఆడు రాయికి ఎట్టకుండా నానెలా తింతాను?" అంది. "ఇంక ఈ జన్మకి నేదు."

నా చెయ్యి ఆకు మీదికి పోలేదు. ఆవిడ అది చూసి, చనువుగా, నన్ను ఊరడిస్తున్నట్టే అంది.

"తిను బాబూ, నీకు పరవానేదు. నువ్వు మా ఊరోడివి కాదు గదా."

తిన్నాను. అది వదిలేసి లేచిపోయే అర్హత కూడా నాకు లేదు.